అడిగి పట్టాల్సిన నడుము

తెలుగులో ‘నొప్పులు’ అంటే పురిటి నొప్పులే. ఇంట్లో నిండు చూలాలు ఉంటే గడప తొక్కిన ప్రతివాళ్ళూ ‘నొప్పులు వచ్చాయా’ అని అడుగుతారు. ఆ మాటలో చోటు దొరకని నొప్పులు అంతకుముందు నెలల తరబడి ఉంటాయి. నడుం పట్టేస్తుంది, పిరుదుల దగ్గర మొదలై తొడలోకి లాగుతుంది, నడిరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. వీటికి మన ఇళ్ళలో దొరికే జవాబు ‘అవన్నీ మామూలే, ఓర్చుకో’. మామూలేనన్నది నిజమే. గర్భిణుల్లో మూడింట రెండు వంతుల మందికి పైగా నడుము నొప్పి, దాదాపు ఐదోవంతు మందికి కటి భాగంలో నొప్పి వస్తాయని 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. అయితే మామూలు కాబట్టి పట్టించుకోనక్కర్లేదనడం ఏం తర్కమో అర్థం కాదు. దాహం కూడా మామూలే కదా, నీళ్ళు ఇవ్వకుండా ఉంటామా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, జగదల్‌పూర్ నుంచి దర్భా ఘాట్ దాటి సుక్మా వైపు వస్తుంటే 30వ నంబరు జాతీయ రహదారి మీద తోంగ్‌పాల్ అనే ఊరు తగులుతుంది. హల్బీ మాట, ధుర్వా, గోండు పల్లెలు. ఒకప్పుడు దంతెవాడ జిల్లాలోది, 2012 నుంచి సుక్మా జిల్లాలోది. అదే రోడ్డు కుంట దగ్గర సరిహద్దు దాటి చింతూరు మీదుగా భద్రాచలం చేరుతుంది. ఖమ్మం, భద్రాద్రి జిల్లాల చేలలో మిరపకాయలు ఏరడానికి ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి దిగే కూలీలు వచ్చేదీ ఇటునుంచే. కాబట్టి బస్తర్ గర్భిణి నడుము నొప్పి మనకు అంత దూరపు సంగతేమీ కాదు. నెలలు నిండేకొద్దీ పొట్ట బరువు ముందుకు లాగుతుంది, దాన్ని నిలబెట్టడానికి నడుము లోపలికి వంగుతుంది. కాన్పుకు దారివ్వడానికి కటి ఎముకల మధ్య కీళ్ళు వదులవుతాయి. అసలే అలసిన ఆ కండరాల మీద కట్టెల మోపో, నీళ్ళ బిందో, పొద్దంతా మిరపతోటలో వంగిన పనో వచ్చి పడుతుంది.

ఈ నొప్పికి చేతితో చేసే వైద్యం పని చేస్తుందా? చేస్తుంది, కొంతమేరకు. గుమ్మానికి మోకాలు కొట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే అక్కడ చేత్తో రుద్దుకుంటాం. ఆ రుద్దుడు వెనక శాస్త్రం ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వెన్నుపాములో నొప్పి కబురుకు ఒక తలుపు లాంటిది ఉంటుందనీ, స్పర్శ కబురు ముందుగా వెళ్తే ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ వాళ్ళు చెప్పింది. తర్వాతి పరిశోధనలు వివరాలను సవరించాయి గానీ మూలం నిలిచింది. దాన్ని గర్భిణి విషయంలో అమలు చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మోకాళ్ళ మధ్య మడిచిన బొంత పెట్టాలి. వెల్లకిలా వద్దు. అయిదో నెల దాటాక అలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. బస్తర్‌లో ఒంటికి రాసుకునేది ఇప్ప గింజల నూనె, అక్కడి మాటలో తోరా నూనె. చలికాలంలో పేరుకుపోతుంది కాబట్టి గోరువెచ్చగా కరిగించాలి. వెన్నెముకకు రెండు పక్కలా అరచేత్తో కిందినుంచి పైకి, తర్వాత నడుము అడుగున ఉండే బల్లపరుపు ఎముక మీద అరచేతి మడమతో నిదానంగా అదమాలి. ఎంత గట్టిగా అన్నది పట్టేవాళ్ళు కాదు, పట్టించుకునే మనిషే చెప్పాలి.

ఆధారాల మాటకొస్తే, 2015 నాటి ఆ సమీక్ష 34 పరీక్షలను, ఐదు వేల మందికి పైగా స్త్రీలను లెక్కలోకి తీసుకుంది. వ్యాయామానికీ, కీళ్ళూ కండరాలూ సరిచేసే చేతి వైద్యానికీ కొంత ఫలితం కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము, కటి నొప్పికి క్రమం తప్పని వ్యాయామాన్ని ముందు పెట్టి, ఫిజియోథెరపీని, నడుము పట్టీలను ఆ వెనక చేర్చింది. 2018లో కాన్పు సమయం గురించి చెబుతూ, కావాలని అడిగిన ఆరోగ్యవంతురాలికి మర్దన, వేడి కాపడం ఇవ్వాలంది. దీనికి వచ్చే అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. ఈ పరీక్షలు చాలావరకు చిన్నవి, మర్దన జరిగిందో లేదో ఆమెకు తెలియకుండా దాచడం ఎవరి తరమూ కాదు, కాబట్టి ఉపశమనంలో సగం ఆదరణ వల్లేనేమో అంటారు. కావచ్చు. కానీ నొప్పి కొలిచే యంత్రం లేదు. తగ్గిందని ఆమె అంటేనే తగ్గినట్టు. పైగా పక్కన పెట్టి చూడాల్సింది దీని బదులు జరుగుతున్నదాన్ని. పల్లెల్లో ఒళ్ళు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు. వాటిలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఉంటే ఇరవయ్యో వారం దాటాక బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. ఆ సూదితో పోల్చుకుంటే పట్టాల్సిన చోట మెత్తగా పట్టిన చెయ్యి ఎంతో నయం.

పట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి, మొదటిది పొట్ట. బిడ్డ అడ్డం తిరిగిందని తిప్పడం, కాన్పులో బిడ్డ త్వరగా దిగాలని పైనుంచి నొక్కడం మంత్రసానుల దగ్గరే కాదు, ఆసుపత్రుల్లోనూ జరిగాయి. వాటివల్ల మాయ ముందే విడిపోవచ్చు, గర్భసంచి చిరగొచ్చు. పైనుంచి అలా నొక్కడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. ఎదురుకాళ్ళ బిడ్డను తిప్పాల్సివస్తే అది స్కానింగు, ఆపరేషన్ గది అందుబాటులో ఉన్న డాక్టరు పని. రెండోది పిక్క. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. రాత్రి పట్టేసే పిక్కకు కాలు చాపి వేళ్ళను మోకాలి వైపు లాగితే చాలు.

బస్తర్ మనకు నేర్పేది ఈ రెంటికన్నా ముందుది. అక్కడ గర్భిణి ‘ఒళ్ళంతా నొప్పులు’ అంటే అది మలేరియా కావచ్చు. జ్వరం పైకి కనబడకుండానే పురుగు రక్తంలో ఉండొచ్చు. అందుకే 2020లో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో జ్వరం ఉన్నవాళ్ళనే కాక ఇంటింటికీ వెళ్ళి అందరినీ పరీక్షించారు. ఎముకల్లో పొడిచేసే నొప్పి అంటే సికిల్‌సెల్ కావచ్చు. గిరిజన ప్రాంతాల్లో ఆ జబ్బు బరువు ఎంతటిదంటే దాని కోసమే కేంద్రం 2023 జులైలో ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది. తలనొప్పితో పాటు మొహం ఉబ్బి, చూపు మసకబారితే అది రక్తపోటు. వీటిలో దేనికీ మర్దన మందు కాదు. పైగా మర్దనతో రెండు గంటలు హాయిగా ఉంటే ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు రేపటికి జారుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, జ్వరం ఉందా, రక్తం కనబడిందా, బిడ్డ కదులుతోందా అని అడిగాకే నూనె గిన్నె తీయాలి.

ఇంతకీ ఎవరి చెయ్యి? కాన్పులు ఆసుపత్రికి మారాక మంత్రసాని పక్కకు తప్పుకుంది. మారడం మంచిదే, ప్రాణాలు నిలిచాయి. కానీ ఆమెతో పాటు నడుము నిమిరే చెయ్యి కూడా వెళ్ళిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో సిజేరియన్లు 15 శాతం చిల్లర, తెలంగాణలో 60 శాతం పైన. ఒకే రోడ్డుకు ఇటు చివర కత్తి ఎక్కువ, అటు చివర డాక్టరే తక్కువ. నొప్పుల్లో తోడుండి నడుము అదిమే శిక్షణ పొందిన మనిషి రెండు చోట్లా అరుదే. తెలంగాణ ఈ లోటు గుర్తించి 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశం మొత్తానికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. బస్తర్‌లో ఆ పనికి సగం సిద్ధంగా ఉన్న మనిషి మితానిన్. 2002లో మొదలైన ఈ ఊరి కార్యకర్తల వ్యవస్థ మన ‘ఆశా’ కన్నా మూడేళ్ళు పెద్దది. మలేరియా పరీక్ష కిట్ ఆమె సంచిలోనే ఉంటుంది. ఊరి మంత్రసానిని ఆమె పక్కన కూర్చోబెట్టి, పొట్ట జోలికి వెళ్ళకుండా నడుము ఎలా పట్టాలో ఇద్దరికీ నేర్పితే ఖర్చు పెద్దగా ఉండదు. మంత్రసానికి తెలిసినదంతా మూఢనమ్మకమని నేర్పబోయేవాళ్ళు మాత్రం అక్కడికి వెళ్ళకపోవడమే మంచిది.

అంతవరకూ ఇంట్లోవాళ్ళే పట్టండి, భర్తతో సహా. అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా చెయ్యి ఆపి ఫోన్ తీయండి. కుంటకు అటు అయితే 102, ఆ అంబులెన్సును మహతారీ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఇటు అయితే 108.