ఏ పంటికి ఏ సిమెంటు?

"గట్టి సిమెంటు పెట్టండి డాక్టరుగారూ, మళ్ళీ రాకుండా ఉండాలి." భీమవరం విష్ణు డెంటల్ కాలేజీ అయినా, రాజానగరంలోని జీఎస్‌ఎల్, లెనోరా కాలేజీలైనా, ఊళ్ళో సెంటర్లో ఉన్న చిన్న క్లినిక్ అయినా పిప్పి పన్నుతో వచ్చినవాళ్ళ కోరిక ఇదే. కాస్త డబ్బున్నవాళ్ళయితే "ఖరీదైనా ఫరవాలేదు" అని కూడా చేరుస్తారు. డాక్టరు మాత్రం వేరే లెక్కలో ఉంటారు. పుచ్చు ఏ పంటికి, ఎంత లోతు, నమిలేటప్పుడు అక్కడ ఎంత బరువు పడుతుంది, పని జరిగినంతసేపు ఆ చోటు పొడిగా ఉంచగలమా? ఈ నాలుగూ తేలితే గానీ ఏ డబ్బా మూత తియ్యాలో తెలియదు.

ముందు పుచ్చు సంగతి. తాపేశ్వరం మడత కాజా ముక్కొకటి దవడ పంటి గాడిలో ఇరుక్కుందనుకోండి. అక్కడే కాపురముండే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బాక్టీరియా ఆ చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తరవాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి ఇస్తుంది. అందుకే ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. పెళ్ళిలో రెండు ఆత్రేయపురం పూతరేకులు తిన్నంత మాత్రాన కొంప మునగదు. రోజంతా గంటకో తియ్యటి టీ తాగేవాడికి మాత్రం లాలాజలం సాయం చేసే వ్యవధే దొరకదు. ఎనామెల్ 96 శాతం ఖనిజం. అది దాటి పుచ్చు మెత్తటి డెంటిన్‌లోకి దిగిందంటే ఇక పేస్టులూ పళ్ళపొడులూ పనికిరావు. చెడిన భాగాన్ని తొలిచి పూడ్చడమే.

పూడ్చే పదార్థాల్లో పెద్దది వెండి సిమెంటు, అంటే అమాల్గం. వెండి, తగరం, రాగి కలిపిన లోహపు పొడిని ఇంచుమించు అంతే బరువు పాదరసంతో కలిపితే కాసేపు ముద్దలా ఉండి, ఆనక గట్టిపడుతుంది. చైనాలో తాంగ్ రాజుల కాలం నాటి వైద్యగ్రంథంలోనే, అంటే ఏడో శతాబ్దంలో, ఇలాంటి ముద్ద ప్రస్తావన ఉంది. యూరప్‌లో 1826లో పారిస్ దంతవైద్యుడు తావో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. 1833లో అమెరికాలో అడుగుపెట్టాక పెద్ద గొడవే అయింది. పాదరసం వాడబోమని అక్కడి దంతవైద్యుల సంఘం 1845లో తన సభ్యుల చేత ప్రమాణపత్రాలు రాయించింది. ఆ తగాదాతోనే 1856కల్లా సంఘం మూతబడింది, అమాల్గం మిగిలింది. తొలినాళ్ళలో అది గట్టిపడ్డాక ఉబ్బి పన్నును పగలగొట్టేది. 1890లలో జి.వి. బ్లాక్ లోహాల పాళ్ళు సరిచేసి ఆ జబ్బు కుదిర్చాడు.

అమాల్గం పంటికి అతుక్కోదు. అందుకని రంధ్రాన్ని కుండలా, మూతి కంటే లోపల కాస్త వెడల్పుగా తొలిచి, ముద్దను అందులో దట్టించి బిగిస్తారు. దీనికోసం కొంత మంచి పన్ను కూడా పోతుంది, అది నష్టమే. లాభం ఏమిటంటే పెట్టేటప్పుడు కాస్త తడి తగిలినా ఓర్చుకుంటుంది, దవడ పళ్ళ మీద పడే బరువును పదీ పదిహేనేళ్ళు సునాయాసంగా మోస్తుంది. ఎదురు పంటికి బంగారు తొడుగు ఉన్నవాళ్ళకు మాత్రం కొత్తలో రెండూ తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. రెండు వేర్వేరు లోహాలూ, మధ్యలో ఉప్పటి లాలాజలం. నోట్లోనే చిన్న బ్యాటరీ తయారవుతుంది మరి.

మరి పాదరసం విషం కాదా అంటే, గట్టిపడ్డ అమాల్గంలో అది మిగతా లోహాలతో కలిసిపోయి ఉంటుంది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మాత్రం ఆవిరి కాస్త ఎక్కువగా వస్తుంది. కాబట్టి బాగున్న పాత వెండి సిమెంటును భయంతో తవ్వించుకోవడం అనవసరం. నా దృష్టిలో అసలు చిక్కు నోట్లో లేదు, క్లినిక్ కాలువలో ఉంది. క్లినిక్ నుంచి కొట్టుకుపోయిన పాదరసం నీటి అడుగు బురదలో బాక్టీరియా చేతిలో మిథైల్ మెర్క్యురీగా మారి చేపల్లో పోగుపడగలదు. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనాన్ని ఎలా కబళించిందో లోకానికి తెలుసు. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, భారతదేశం 2018లో దాన్ని ధ్రువీకరించింది. పదిహేనేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ అమాల్గం వాడకూడదని ఆ ఒప్పందంలో 2022లో చేర్చారు. యూరోపియన్ యూనియన్ 2025 నుంచి దాదాపు మానేసింది. చేపల చెరువుల మీద బతికే భీమవరం, ఆకివీడు వాళ్ళకు ఇది దూరపు సంగతేమీ కాదు.

అమాల్గం స్థానంలోకి వచ్చింది పంటి రంగులో ఉండే కాంపోజిట్. 1955లో అమెరికాలో మైకేల్ బునోకోర్‌కు ఒక ఆలోచన వచ్చింది. లోహం మీద రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తున్నారు కదా, పంటి మీద పూస్తే? పూసి చూశాడు. నునుపైన ఎనామెల్ మీద కంటికి కనపడని గుంతలు పడ్డాయి, ప్లాస్టిక్ వాటిలోకి దిగి పట్టుకుంది. 1962లో రాఫెల్ బోవెన్ అందుకు తగిన రెసిన్ తయారుచేశాడు. అందులో సన్నటి గాజుపొడి కలిపితే కాంపోజిట్. నీలం కాంతి పడితే గట్టిపడుతుంది. ఆ కాంతి లోతుకు వెళ్ళలేదు కాబట్టి రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెడతారు. పైగా గట్టిపడుతూ రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఒకేసారి నింపేస్తే అంచుల దగ్గర సందు పడి, అందులోంచి పుచ్చు మళ్ళీ మొదలవుతుంది.

దీనికోసం మంచి పన్నును తొలచక్కర్లేదు, నవ్వితే కనపడదు, ముందు పళ్ళకు దీన్ని మించింది లేదు. కానీ తడంటే గిట్టదు. ఆమ్లం పూసిన పంటికి లాలాజలమో చిగురు నెత్తురో తగిలిందా, అతుకు పోయినట్టే. పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించి డాక్టరు ముప్పావుగంట తంటాలు పడేది అందుకే. కాంపోజిట్‌కు ఎక్కువ తీసుకుంటున్నారని సణిగేవాళ్ళు ఆ సమయానికీ ఖరీదు కట్టాలి. పసుపు వేసిన పులుసులు, కాఫీ, చుట్ట పొగ కొన్నాళ్ళకు దీని రంగు మారుస్తాయి. మన గోదావరి జిల్లాల్లో ఆ మూడింటికీ కొదవ లేదు.

మూడోది గ్లాస్ అయనోమర్. చవకైనదని దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ నాకు దీని మీద అభిమానం. లండన్‌లోని ప్రభుత్వ రసాయనశాలలో విల్సన్, కెంట్ తయారుచేసి 1972లో లోకానికి చెప్పారు. ఫ్లోరైడ్ ఉన్న గాజుపొడిని పాలీయాక్రిలిక్ ఆమ్లంతో కలిపితే వచ్చే ఈ సిమెంటు పంటిలోని కాల్షియంతో రసాయనికంగా ముడిపడి, దానంతట అదే అతుక్కుంటుంది. ఆ తరవాత కూడా చుట్టూ కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. మన పల్లెల్లో ఇటుక పొడి, కచ్చిక బూడిదతో అడ్డంగా రుద్ది రుద్ది చిగురు దగ్గర పన్ను గొడ్డలితో నరికినట్టు అరిగిపోయిన పెద్దవాళ్ళు చాలామంది. గట్టి బ్రష్షు పట్టిన పట్నంవాళ్ళదీ అదే వరస. చన్నీళ్ళు తగిలితే ప్రాణం లేచిపోతుంది. నమిలే బరువు పడని, తడి ఆరని ఆ చోటికి ఇదే సరైన మందు. పిల్లల పాలపళ్ళకూ ఇదే. దవడ పన్ను నెత్తిన పెడితే మాత్రం తొందరగా అరిగిపోతుంది.

దీంతో ఇంకో మేలు ఉంది. 1980లలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు డ్రిల్లు, కరెంటు లేకుండా చేతి పనిముట్లతోనే మెత్తబడ్డ భాగాన్ని గీకి ఈ సిమెంటు పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నెత్తికెత్తుకుంది. రంపచోడవరం ఏజెన్సీ గూడేల్లోనైనా, పడవ ఎక్కితే తప్ప చేరలేని లంక గ్రామాల్లోనైనా బడిపిల్లల పళ్ళు నిలబెట్టడానికి ఇంతకన్నా తేలికైన దారి కనపడదు.

పుచ్చు నరం అంచు దాకా దిగితే సంగతి వేరు. నరం మీద ముందు కాల్షియం హైడ్రాక్సైడ్ లాంటి మందు పూత వేసి, పైన ఫిల్లింగు పెడతారు. 1990లలో కాలిఫోర్నియాలో తొరాబినెజాద్ తెచ్చిన ఎంటీఏ అనే పొడినీ ఇదే పనికి వాడతారు. తడిలోనే గట్టిపడటం దాని ప్రత్యేకత. అందులో ఎక్కువ భాగం శుద్ధిచేసిన పోర్ట్‌లాండ్ సిమెంటు, అంటే ఇళ్ళు కట్టే జాతే. ఎక్స్‌రేలో కనపడటానికి బిస్మత్ ఆక్సైడ్ కలుపుతారు. విష్ణు డెంటల్ కాలేజీని నడిపే విద్యాసంస్థను స్థాపించిన బి.వి. రాజుగారు భీమవరం పక్క కుముదవల్లిలో పుట్టి, సిమెంటు కార్పొరేషన్‌కు అధిపతిగా పనిచేసి, రాసి సిమెంట్స్ పెట్టిన మనిషి. ఈ పొడి కథ వింటే ఆయన ముచ్చటపడేవారేమో. బస్తా సిమెంటును మాత్రం పంట్లో పెట్టలేరు. అందులో ఆర్సెనిక్, సీసం లాంటివి ఉండవచ్చు.

ఇక లవంగ నూనె సిమెంటు. జింక్ ఆక్సైడ్ పొడిని లవంగ నూనెలోని యూజినాల్‌తో కలిపి పెడితే నొప్పి ఒకట్రెండు రోజుల్లో చల్లబడుతుంది. అది తాత్కాలికం. నొప్పి పోయింది కదా అని కోతలకో చెరువు పట్టుబడికో వెళ్ళిపోయినవాళ్ళు, అది నలిగి రాలిపోయాక నెలల తరవాత వాచిన బుగ్గతో తిరిగొస్తారు. అప్పటికి రూట్ కెనాలే గతి. ఇంకో చిక్కు, యూజినాల్ ఆనవాళ్ళు మిగిలిన చోట కాంపోజిట్ సరిగా గట్టిపడదు. అందుకే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే "ఇంతకుముందు ఇందులో ఏం పెట్టారు?" అని అడుగుతారు. పెట్టినప్పుడే చీటీ మీద ఆ పదార్థం పేరు, తేదీ రాయించుకుంటే ఆ ప్రశ్నకు జవాబు జేబులోనే ఉంటుంది.