రెండు తొట్ల వాషింగ్ మిషన్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఫ్రంట్ లోడ్ మిషన్ కొత్త కాలపుది, పైనుంచి బట్టలు వేసేది పాతది.

వాస్తవం: అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1937లోనే ముందు తలుపున్న ఆటోమేటిక్ మిషన్ తెచ్చింది. అది తిరిగితే వచ్చే కుదుపుకు ఎటుపోతుందోనని నేలకు బోల్టులతో బిగించేవారు.

అపోహ: కరెంటు వచ్చాకే మిషన్లు వచ్చాయి.

వాస్తవం: కరెంటు లేని పల్లెల కోసం మేటాగ్ కంపెనీ 1910ల్లోనే పెట్రోలు ఇంజిన్‌తో నడిచే మిషన్ అమ్మింది.

అపోహ: రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మనలాంటి వాళ్ల కోసం చేసిన చౌక సరుకు.

వాస్తవం: జనగామ, మహబూబాబాద్ వైపు ఈ మాట అంటుంటే బాధేస్తుంది. ఈ రూపం అమెరికాలో 1920ల్లోనే ఉంది. అంతకుముందు తడి బట్టను రెండు రోలర్ల మధ్య దూర్చి పిండేవారు; బొత్తాలు పగిలేవి, వేళ్లు నలిగేవి. ఆ బాధ తప్పించడానికే పక్కన గిర్రున తిరిగే రెండో తొట్టి పెట్టారు. 1950ల చివర బ్రిటన్‌లో వచ్చిన హూవర్‌మాటిక్ మరో అడుగు వేసింది. పిండగా వచ్చిన సబ్బునీళ్లను పారబోయకుండా తిరిగి ఉతికే తొట్టిలోకే పంపేది.

నీళ్లకు కటకట ఉండే ఇంటికి ఇంతకన్నా తెలివైన మిషన్ ఏముంటుంది? బోరు సన్నగా పోస్తున్నా బకెట్‌తో నింపుకోవచ్చు. ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, చివరికి అవే నీళ్లలో పొలం బట్టలు. భూపాలపల్లిలో అయితే బొగ్గు బాయికి వేసుకెళ్లిన బట్టల వంతు ఆఖరున. మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, వచ్చాక టైమర్ మళ్లీ తిప్పి మిగిలిన నిమిషాలు నడుపుకోవచ్చు. ఫుల్ ఆటోమేటిక్‌లో ఇంత వెసులుబాటు ఉండదు.

అపోహ: డ్రయ్యర్ అని పిలిచే ఆ రెండో తొట్టిలో వేస్తే బట్టలు పూర్తిగా ఆరిపోతాయి.

వాస్తవం: అందులో వేడి పుట్టదు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి నీళ్లను చిమ్మేస్తుంది, అంతే. దండెం మీద ఆరేయాల్సిందే. దడదడ కొట్టుకుంటోందంటే మిషన్ పాడైందని కంగారు పడొద్దు. తడిసిన జీన్స్ ప్యాంటు ఒక పక్కకే చేరి ఉంటుంది. బట్టలన్నీ తీసి, తొట్టి చుట్టూ సమంగా సర్ది, పైన ప్లాస్టిక్ బిళ్ల అదిమిపెడితే చప్పుడు ఆగుతుంది. మూత ఎత్తగానే తొట్టి కొద్ది క్షణాల్లో నిలిచిపోవాలి. తిరుగుతూనే ఉంటే బ్రేకు అరిగినట్టే. మెకానిక్ వచ్చి మార్చేదాకా పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయొద్దు.