కొండగోరింకకు గ్రామస్థులే కావలి

జగదల్‌పూర్: మనిషి మాటను మనిషిలాగే పలకగలగడమే బస్తర్ కొండగోరింక పాలిట శాపమయింది. నిగనిగలాడే నల్లని ఈకలు, నారింజ రంగు ముక్కు, తల వెనుక పసుపుపచ్చని తోలు మడతలు గల ఈ పక్షిని ఇక్కడివారు పహాడీ మైనా అంటారు. 2000 నవంబరులో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దీనిని రాష్ట్ర పక్షిగా గౌరవించింది. ఆ గౌరవం మాత్రమే దానిని కాపాడలేకపోయింది.

విచిత్రమేమంటే, అడవిలో ఉన్న కొండగోరింక ఇతర పక్షులను అనుకరించదు. ఇరుగుపొరుగు గోరింకల పిలుపులనే నేర్చుకుంటుంది. పంజరంలో పడి, చుట్టూ తన జాతి లేనప్పుడే మనుషుల పలుకులు పలుకుతుంది. ఇంటికి వచ్చిన అతిథులు ముచ్చటపడే ఆ మాటల వెనుక ఉన్నది ఒంటరితనమే. ఆ ముచ్చట కోసమే గూళ్లలోని పిల్లలను ఎత్తుకుపోయే వ్యాపారం దశాబ్దాలుగా సాగింది. పిల్లలు అందకపోతే చెట్టునే నరికేవారు. ఎత్తయిన చెట్ల తొర్రలలో రెండు మూడు గుడ్లు పెట్టే పక్షికి అటువంటి చెట్టు ఒకటి పోయినా కోలుకోవడం కష్టం. పిల్లల చేతిలోని ఉండేళ్లు, వంటచెరకు కోసం ఎండుచెట్లను కొట్టివేయడం ఆ నష్టానికి తోడయ్యాయి.

1990 దశకంలో అటవీ శాఖ కొన్ని గోరింకలను పట్టి, జగదల్‌పూర్‌లోని వన విద్యాలయ ఆవరణలో పెద్ద పంజరం కట్టి, సంతానోత్పత్తికి పూనుకుంది. చూపుకు ఆడ, మగ తేడా తెలియని జాతి ఇది. ఏది జంటో తేల్చుకోవడమే సమస్యగా మారింది. ఏళ్ల తరబడి సాగిన ఆ ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

అధికారుల దృష్టి పంజరం నుంచి అడవికి, అడవి నుంచి ఊళ్లకు మళ్లింది. జగదల్‌పూర్‌కు దక్షిణాన, 1982లో ఏర్పడిన సుమారు 200 చదరపు కిలోమీటర్ల కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం ఈ పక్షికి ప్రధాన ఆశ్రయం. ఇక్కడి గిరిజన యువకులను ఇటీవలి సంవత్సరాలలో 'మైనా మిత్ర' పేరుతో నియమించారు. గూళ్లున్న చెట్లను గుర్తించడం, వాటిపై కన్నేసి ఉంచడం, ఊళ్లలో, బడులలో నచ్చజెప్పడం వారి పని. ఏ చెట్టు తొర్రలో ఏ పక్షి ఉందో చిన్ననాటి నుంచి తెలిసినవారి కంటే మంచి కాపలాదారులు ఎక్కడ దొరుకుతారు?

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. అనంతపురం ప్రాంతంలోని వీరాపురం గ్రామస్థులు ఎర్రకాళ్ల కొంగల గూళ్లను తరతరాలుగా తామే కాపాడుకొస్తున్నారు. పులికాట్ సరస్సుకు చేరువలోని నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని రైతుల నమ్మకం. గోరింక వల్ల బస్తర్ గిరిజనునికి అలా కంటికి కనిపించే లాభం లేదు. అది మర్రి, రావి, మేడి పండ్లు తిని విత్తనాలను అడవంతా చల్లుతుందన్న మాట నిజమే కాని, ఆ మాటతో పూట గడవదు. కనుకనే మైనా మిత్రలకు ముట్టే కూలికి ప్రాధాన్యం ఉంది. తీరథ్‌గఢ్ జలపాతానికి, కోటమ్‌సర్ గుహలకు వచ్చే పర్యాటకులు స్థానిక గైడ్లనే పెట్టుకుని, ఊరివారి వద్దనే బస చేస్తే ఆ సొమ్ము కూడా పరోక్షంగా గూళ్లకు కాపలా అవుతుంది.

ఆ పర్యాటకులలో తెలుగువారు చాలామందే. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుంది. కాంగేర్ నది కలిసే కొలాబే తెలుగు నేలపై శబరియై గోదావరిని చేరుతుంది. ఈ గోరింక ఉపజాతి తూర్పు కనుమలలో ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల వరకూ వ్యాపించి ఉన్నదే.

ప్రజలు చేయగలిగిన వాటిలో మొదటిది కొనకపోవడం. జాలిపడి, విడిచిపెట్టే ఉద్దేశంతో కొన్నా వ్యాపారికి లాభమే. అతడు మరో గూటిని వెదుకుతాడు. కొనడం కన్నా అటవీ శాఖకు కబురు చేయడం మేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ పక్షిని పట్టినా, అమ్మినా 2022 సవరణ ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడతాయి. చిలుక జోస్యగాడి పంజరంలోని రామచిలుకకు కూడా ఈ చట్టం రక్షణ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇప్పుడు కొత్త ప్రమాదం సెల్‌ఫోన్‌తో వచ్చింది. గూటి ఫొటో తీసి, చోటు పేరుతో సహా సామాజిక మాధ్యమాలలో పెడితే వేటగాడికి దారి చూపినట్లే. పక్షిని చూసిన వివరాలను ఈ-బర్డ్ వంటి వేదికలలో నమోదు చేస్తే పరిశోధకులకు ఉపయోగం. గూడున్న చెట్టు ఆనవాలు మాత్రం అటవీ సిబ్బందికే చెప్పాలి. పొలం గట్టున తొర్ర ఉన్న ఎండుచెట్టు కనిపిస్తే, పొయ్యిలోకి పనికొస్తుందనుకునే ముందు అందులో ఎవరు కాపురముంటున్నారో ఒకసారి తలెత్తి చూడాలి.