చెక్క పెంచినచో పాలు పెరుగునా?

చెక్క ఎంత పెట్టిన ఆవు అన్ని పాలిచ్చునని తలచుట పొరపాటు. 40 శాతము మాంసకృత్తులున్న 1 కిలో వేరుశనగ చెక్కలో సుమారు 64 గ్రాముల నత్రజని కలదు. ఆవు తిన్న నత్రజనిలో సాధారణముగా నాలుగవ వంతు మాత్రమే పాలలో చేరును. తక్కినది చాలవరకు పేడ, మూత్రములలో పోవును.

మాంసకృత్తులలో చాల భాగము ఆవు పెద్దపొట్టలో అమ్మోనియాగా మారును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని వాడుకొనుటకు పిండిపదార్థముల నుండి శక్తి కావలెను. మిగిలిన అమ్మోనియాను కాలేయము యూరియాగా మార్చును; అది మూత్రములో పోవును. కావున అధికముగా పెట్టిన చెక్కలోని నత్రజని పేడలో కంటె మూత్రములోనే హెచ్చును. ఆ మూత్రము పేడతో కలసిన కొద్ది గంటలలోనే యూరియా తిరిగి అమ్మోనియాయై గాలిలో కలియును. కొట్టములో ముక్కుకు సోకు ఆ ఘాటు మీరు చెక్కకు పెట్టిన పైకమే!

మేతకు తోడు ప్రతి 2.5 కిలోల పాలకు 1 కిలో దాణా అను లెక్క వాడుకలో నున్నది. దాణాలో చెక్క మూడవ వంతుకు మించనక్కరలేదు. మిగిలినది నూకలు, తవుడు కావచ్చును. పశువుల క్రింద ఎండుగడ్డి పరచి, మూత్రము పీల్చిన ఆ గడ్డిని ప్రతిదినము ఎరువు గోతిలో వేసి మట్టి కప్పవలెను. పాలకు చేరని నత్రజని పైరుకైనను చేరును.