నూటికి మూడు రూపాయలు

మా చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. కూలి పనికి వెళ్తుంది. ఇంట్లో రెండు గేదెలున్నాయి. పాల డబ్బులు కూడబెట్టి బ్యాంకులో 10,000 రూపాయలు డిపాజిట్టు చేసింది. ఒకరోజు ఆ కాగితం తెచ్చి, కూడబలుక్కుంటూ తానే చదివింది. ఎంతో సంతోషించింది.

తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పింది. ఇంట్లో 10,000 రూపాయల అప్పు కూడా ఉందట. రెండేళ్ల కిందట కొడుక్కి జబ్బు చేస్తే ఊళ్లో తెచ్చారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలనెలా వడ్డీ కడుతున్నారు.

"అప్పు పదివేలు, దాచింది పదివేలు. సరికి సరి కదా సారూ?" అని అడిగింది.

సరికి సరి కాదు. ఎందుకు కాదో లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

నెల వడ్డీ, ఏడాది వడ్డీ

ఊళ్లో అప్పిచ్చేవాళ్లు నెల వడ్డీ చెప్తారు. నూటికి మూడు అంటే 100 రూపాయలకు నెలకు 3 రూపాయలు. బ్యాంకువాళ్లు, పోస్టాఫీసువాళ్లు ఏడాది వడ్డీ చెప్తారు. 7 శాతం అంటే 100 రూపాయలకు ఏడాదికి 7 రూపాయలు.

వినడానికి మూడు చిన్నది. ఏడు పెద్దది. ఇక్కడే మనం పొరపాటు పడతాం. ఏడాదికి 12 నెలలు కదా. మూడును పన్నెండుతో హెచ్చవేయండి. 36 వస్తుంది. అంటే ఊళ్లో అప్పుకు ఏడాదికి 36 శాతం వడ్డీ.

అక్క డిపాజిట్టుకు 7 శాతం వస్తుందనుకుందాం. ఇప్పుడు రెండూ పక్కపక్కన రాయండి.

అప్పు మీద ఏడాదికి కట్టేది: 3,600 రూపాయలు.
డిపాజిట్టు మీద ఏడాదికి వచ్చేది: 700 రూపాయలు.
ఏడాదికి నష్టం: 2,900 రూపాయలు.

రెండేళ్లలో అక్క 7,200 రూపాయలు వడ్డీ కట్టింది. అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. ఇలాగే కడుతూ పోతే 34 నెలలకు వడ్డీయే అసలును దాటిపోతుంది. వడ్డీ కట్టలేక చక్రవడ్డీ పడితే ఇంకా కష్టం. మొదటి ఏడాది వడ్డీ 3,600 అసలులో కలుస్తుంది. అప్పు 13,600 అవుతుంది. రెండో ఏడాది వడ్డీ 4,896 రూపాయలు.

ముందు ఏది చేయాలి?

ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చాలి. అప్పు తీర్చడం కూడా పొదుపే. అలాగని చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టకూడదు. రేపు ఎవరికైనా జ్వరం వస్తే మళ్లీ అప్పుకే పోవాలి.

అక్క ఇలా చేసింది. డిపాజిట్టు తీసింది. 2,000 ఆపదకు ఉంచుకుంది. 8,000 అసలుకు కట్టింది. ఇక అప్పు 2,000. నెల వడ్డీ 300 నుంచి 60కి దిగింది. అయినా మునుపటిలాగే నెలకు 300 కట్టింది. అందులో వడ్డీ పోగా మిగిలింది అసలుకు పోయింది. ఎనిమిదో నెలలో అప్పు పూర్తిగా తీరింది. ఇప్పుడు ఆ 300 ప్రతి నెలా పొదుపులో వేస్తోంది.

చేతిలో డబ్బు లేనివాళ్లు ఏం చేయాలి? తక్కువ వడ్డీకి తెచ్చి ఎక్కువ వడ్డీ అప్పు తీర్చవచ్చు. పొదుపు సంఘంలో అడగండి. నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద పోరాడారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి పొదుపు చేశారు. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. వాయిదాలు సరిగా కట్టిన సంఘాలకు అదనపు వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. పావలా వడ్డీ అంటే నూటికి ఏడాదికి 3 రూపాయలే. మన అక్క నెలకే 3 రూపాయలు కట్టింది. తేడా చూశారా?

నోటు చదవండి

అప్పు తెచ్చేటప్పుడు ఖాళీ నోటు మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర వేయకండి. ఎంత సొమ్ము, ఎంత వడ్డీ, ఏ తేదీ అన్నవి రాశారా? చదివి చూసుకోండి. అసలుకు కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించండి. తేదీ వేయించి, సంతకం తీసుకోండి. అప్పు తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి. "రేపు ఇస్తాలే" అంటే ఊరుకోకండి.

రెట్టింపు ఇస్తామంటే?

"ఏడాదిలో మీ డబ్బు రెట్టింపు" అని చెప్పేవాళ్లు ఊళ్లోకి వస్తుంటారు. వాళ్లు మన చుట్టాలే కావచ్చు. అప్పుడు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్రం ఉంది. అది ప్రభుత్వానిది. 2023 ఏప్రిల్‌లో కొన్న పత్రం రెట్టింపు కావాలంటే 115 నెలలు పడుతుంది. అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. ప్రభుత్వానికే అంతకాలం పడితే, ఏడాదిలో రెట్టింపు ఎక్కడి నుంచి వస్తుంది? కొత్తగా చేరినవాళ్ల డబ్బు తెచ్చి పాతవాళ్లకు ఇస్తారు. చేరేవాళ్లు ఆగిపోగానే కంపెనీ మూతపడుతుంది.

చీటీ వేసేటప్పుడు కూడా అది రిజిస్టరు అయిందో లేదో అడగండి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి. బ్యాంకులో దాచుకున్న డబ్బుకు బీమా ఉంటుంది. బ్యాంకు మూతపడినా ఒక్కొక్కరికి 5 లక్షల వరకు వస్తుంది. 2020 ఫిబ్రవరి నుంచి ఇది అమలులో ఉంది.

అక్క మొన్న తన నోటు వెనక్కి తెచ్చుకుంది. కేంద్రంలో అందరి ముందూ పైకి చదివింది. తర్వాత చింపేసింది.

మీరు చేయండి

1. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చారు. ఏడాదికి వడ్డీ ఎంత?
2. ఒకచోట ఏడాదికి 12 శాతం వడ్డీ. ఇంకోచోట నూటికి నెలకు రూపాయిన్నర. ఎక్కడ అప్పు తీసుకుంటారు? ఎందుకు?
3. మీ ఇంట్లో ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఏడాది వడ్డీ రాయండి. ఎక్కువ వడ్డీ ఉన్నదాని కింద గీత గీయండి. ముందు తీర్చాల్సింది అదే.

(జవాబులు: 1. 1,200 రూపాయలు. 2. 12 శాతం దగ్గర. రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం.)