రాని కరెంటుకు వెల

వేయి వాట్ల శక్తిగల పరికరము ఒక గంటసేపు పనిచేసినచో ఖర్చగు విద్యుచ్ఛక్తిని ఒక యూనిట్టు అందురు. ఇంటికి వచ్చు బిల్లులో వాడిన యూనిట్లకు లెక్క యుండును. కరెంటు రాని గంటలలో మీటరు తిరుగదు. కావున ఆ గంటలకు వినియోగదారునకు ఖర్చేమియు లేదనియే తోచును. నిజమునకు అతడు మిక్కిలి ప్రియముగా కొనునవి ఆ రాని యూనిట్లే.

భీమవరము ప్రాంతపు రొయ్యల చెరువులను చూచినచో ఈ సంగతి తేటపడును. పగటివేళ నీటిలోని సన్నని నాచు సూర్యరశ్మి సాయముతో ప్రాణవాయువును విడుదల చేయును. రాత్రి ఆ పని ఆగిపోవును. నాచుతో సహా చెరువులోని ప్రాణులన్నియు ఉన్న వాయువునే పీల్చుకొనుచుండును. తెల్లవారుజామునకు అది మిక్కిలి క్షీణించును. అందుచే రైతులు ఏరేటర్లను తిప్పి, నీటిని చిలికి, గాలిని కలుపుదురు. పిల్లలను ఒత్తుగా వదలిన చెరువులలో ఆ వేళ ఏరేటర్లు ఆగినచో రొయ్యలు తేలిపోవును. నెలల తరబడి వేసిన మేతయు, దానికై తెచ్చిన అప్పును ఒక్క రాత్రిలో నీటిపాలగును.

ఈ భయముచే రైతు డీజిలు జనరేటరు నుంచుకొనును. చిన్న జనరేటరులో లీటరు డీజిలుకు సుమారు 3 యూనిట్లు వచ్చును. 2024లో లీటరు ధర 90 రూపాయలు దాటియుండెను. అనగా నూనెకే యూనిట్టుకు 30 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆక్వా రైతులకు 2019లో నిర్ణయించిన రాయితీ ధరయో, యూనిట్టుకు 1 రూపాయి 50 పైసలు. ఇరువది రెట్ల తేడా! యంత్రపు వెల, మరమ్మతు వేరు. ఏడాది పొడవునను కరెంటు పోకున్నను ఆ యంత్రమును కొనక తప్పదు. పోవునేమో యను అనుమానమునకు సైతము వెల యున్నదన్నమాట.

సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. వానిపై పనిచేయువారిలో పలువురికి నెలజీతము లేదు; నేసిన గుడ్డను బట్టియే కూలి. కరెంటు పోయినచో సాంచా ఆగును, కూలియు ఆగును. నడుమ ఆగి మరల సాగిన చోట గుడ్డలో గీత పడవచ్చును. అట్టి గుడ్డకు ధర తగ్గును. ఇంటి అద్దె, బియ్యపు ఖర్చు మాత్రము ఆగవు. పెద్ద కర్మాగారపు నష్టము లెక్కల పుస్తకమున కెక్కును. ఈ కూలివాని నష్టము ఎచ్చటను ఎక్కదు.

కోత గంటసేపే యైనను నష్టమెల్లప్పుడు ఒకటిగా నుండదు. ముందుగా తెలిసిన కోత వేరు, చెప్పక వచ్చునది వేరు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారమున కొకదినము పవర్ హాలిడే విధించిరి. ఉత్పత్తి తగ్గినను, పనివేళలు మార్చుకొనుటకు కొంత వీలు చిక్కినది. చెప్పక పోయిన కరెంటుతో అట్టి సర్దుబాటు కుదరదు: పిండిమరకు వచ్చినవారు సంచులతో తిరిగిపోదురు, ఐస్‌క్రీము దుకాణమున సరుకు కరగును.

2003 నాటి విద్యుత్ చట్టపు 57వ సెక్షను ప్రకారము, నిర్ణీత ప్రమాణములను పాటింపని సరఫరా సంస్థ బాధితునకు పరిహార మీయవలెను. దాని మొత్తమును విద్యుత్ నియంత్రణ మండలి ముందే నిర్ణయించును. చచ్చిన రొయ్యల వెలతో దానికి సంబంధము లేదు. కరెంటు పోయిన వేళ, ఫిర్యాదు చేసిన వేళ, తిరిగివచ్చిన వేళ వ్రాసియుంచుకొన్నవానికి ఆ కొంచెమైనను అడుగుటకు ఆధారముండును.