అమ్మమ్మ ఫోటోకి మెరుగులు

బీరువా పై అరలో, పట్టుచీరల కింద దాచిన పాత ఆల్బమ్ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. నల్ల అట్ట పేజీలు, మధ్య మధ్య గరగరలాడే పల్చని కాగితాలు. మా ఆల్బమ్‌లో అమ్మమ్మది ఒకే ఒక్క ఫోటో. అమ్మ డెబ్భయ్యో పుట్టినరోజుకి దాన్ని పెద్దది చేయించి ఇద్దామని ఒక స్టూడియోలో ఇచ్చాను. తిరిగొచ్చిన ఫోటో తళతళలాడిపోతోంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుందే. ఇంతకీ ఎవరీవిడ?" అంది.

నాకు నోట మాట రాలేదు. "మా అమ్మది చామనఛాయ కదే! ఈవిడేమో సున్నం కొట్టిన గోడలా ఉంది" అని పక్కన పెట్టేసింది.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. స్టూడియో అబ్బాయి కాంట్రాస్ట్ బాగా పెంచేశాడు. దాంతో నలుపు మరీ నల్లబడింది, తెలుపు మరీ తెల్లబడింది. మధ్యలోని బూడిదరంగు ఛాయలన్నీ మాయమైపోయాయి. జుట్టంతా ఒకటే నల్లముద్ద. చెంపల నునుపు, కళ్ల కింద నీడ, ఏవీ లేవు. మనిషి పోలిక ఉండేది ఆ ఛాయల్లోనే!

నలుపు తెలుపు అంటాం గానీ...

మామూలు కంప్యూటర్ ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లుంటాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి వీటినే 11 మెట్లుగా విడగొట్టి చూపించాడు. చామనఛాయ ముఖం సుమారుగా నడిమి మెట్టు దగ్గర ఉంటుంది. దాన్ని పైకి తోస్తే మనిషే మారిపోతుంది.

1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే పట్టిన వెన్నెల గుర్తుందా? అందులో తెల్లటి తెలుపు కొంచెమే. మిగతాదంతా మెత్తని బూడిదరంగే. 2010లో ఆ సినిమాకి రంగులద్దినా, ఆ పాత వెన్నెలే కావాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక పనిలోకి దిగుదాం

ముందుగా ఫోటోని తడిగుడ్డతో తుడవకండి. పైనున్న జిలాటిన్ పొర నీటికి ఉబ్బిపోతుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకొద్దు, అద్దంతోనే కాపీ తీయించండి.

స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐలో, కలర్‌లోనే చేయమనండి. నలుపు తెలుపు ఫోటోకి కలరెందుకూ అంటారా? పసుపు మరకలు పోగొట్టడానికి! స్కానర్ లేకపోతే ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి. ఫోన్ వంకర పోకూడదు. మొదటి కాపీని ముట్టుకోకుండా దాచి, రెండోదాని మీదే పని చేయండి.

స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్ చాలు. అందులో బ్లాక్ అండ్ వైట్‌కి మార్చేటప్పుడు ఎరుపు ఫిల్టర్ ఎంచుకోండి. పసుపు, గోధుమరంగు మరకలు చాలావరకు తేలికపడతాయి.

తర్వాత చివర్లు సరిచేయాలి. పాత ఫోటో వెలిసిపోయి నలుపంతా బూడిదగా మారి ఉంటుంది. కనుపాపలాంటి ఒకటి రెండు చోట్ల మాత్రమే అసలు నలుపు వచ్చేదాకా తగ్గించండి. జడలో పాయలు విడిగా కనబడాలి. తెలుపు వైపు జడలో మల్లెపూల రేకులు కలిసిపోకుండా ఉంటే అక్కడ ఆగండి.

ఇప్పుడు మధ్య ఛాయలు. కాంట్రాస్ట్ మీట జోలికి పోకుండా 'కర్వ్స్' తెరవండి. గీతలో నీడల వైపు చిటికెడు కిందకి, వెలుగు వైపు చిటికెడు పైకి జరపండి. కూరలో ఉప్పులాంటిదే ఇది. వేశాక తీయలేమని కాదు గానీ, ఎక్కువైతే నాలుక్కి తెలిసినట్టు కంటికీ తెలిసిపోతుంది.

చివరగా చోటు చూసి సవరించడం. పూర్వం చీకటిగదిలో దీపానికీ కాగితానికీ మధ్య చెయ్యి అడ్డుపెట్టి ఒకచోట వెలుగు ఆపేవాళ్లు. ఇప్పుడు ఆ పని 'డాడ్జ్ అండ్ బర్న్' కుంచె చేస్తుంది. కళ్లలో మెరుపు, జరీ అంచు కొద్దిగా తేలికచేసి, వెనక తెర కొద్దిగా ముదురు చేయండి. అంతే!

ఇవి మాత్రం వద్దు

చర్మం నునుపుచేసే మీట నొక్కితే ముడతలతో పాటు మనిషీ పోతుంది. మసకగా ఉన్న ముఖాన్ని ఏఐతో స్పష్టంగా చేస్తామనే యాప్‌లతో జాగ్రత్త. లేని కన్నూ ముక్కూ అవి ఊహించి గీస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ కళ్లు మీ అమ్మమ్మవి కావు.

ప్రింటుకి ముందు ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి చూడండి. లేకపోతే కాగితం మీద నల్లగా వస్తుంది. మ్యాట్ కాగితం మీద ముందు చిన్న ప్రింటు ఒకటి తీయించి చూసుకోవడం మంచిది. కొంచెం గోధుమ ఛాయ కలిపితే వెచ్చగా ఉంటుంది.

అలా నేను రెండు సాయంత్రాలు కూర్చుని చేసిన ఫోటో స్టూడియో ఫోటోలా మెరవలేదు. అమ్మ మాత్రం చేతిలోకి తీసుకోగానే పమిట అంచు మీద వేలు పెట్టింది.

"చూశావా, రెండు పేటల జరీ! ఈ చీర చింపే నాకు పరికిణీ కుట్టించింది మా అమ్మ."

ఆ సంగతి అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఈ ఆదివారం మీరూ ఆల్బమ్ కిందికి దించండి. ఎవరు ఎవరో అడిగి, ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో నొక్కకుండా పేర్లు రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని చేయాలి సుమండీ!